ఇద్దరు మేస్త్రీలు చెప్పింది నిజమే, మరి ఆ ఒక్క వోల్టు ఎటు పోయింది?

దేవరకొండ దిక్కు నుండి ఒక తమ్ముడు రాసిండు. ఉత్తరం పెద్దగనే ఉంది, అసలు ముచ్చట వరకు ఇక్కడ పెడుతున్న.

"అన్నా, మా నాయిన కొన్న 1994 అంబాసిడర్, ఇసుజు పెట్రోల్ ఇంజను, ఏపీ 24 నంబరు. నాయిన పోయినంక నేనే నడుపుతున్న, అమ్మబుద్ధి కాదు. పోయిన నెల యాదగిరిగుట్టకు పోయి రాత్రి మళ్లి వస్తుంటే నార్కట్‌పల్లి దాటినంక లైట్లు డల్లు అయినయి, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. బానెట్ లేపి చూస్తే డైనమో వెనక వైర్లు తొడిగే ప్లాస్టిక్ కప్లర్ కరిగి అంటుకపోయింది. ఒక మేస్త్రి కొత్త కప్లర్ వేసి టేపు చుట్టిండు, ఇరవై రోజులల్ల అదీ కరిగింది. ఆయన డైనమో కాడ మీటర్ పెట్టి 14.2 చూపిస్తుంది, డైనమో మంచిగనే ఉందన్నడు. ఇంకో మేస్త్రి బ్యాటరీ కాడ పెట్టి 13.2 నే వస్తుంది, డైనమో వీకైంది, 75 ఆంపియర్లది పెద్దది వేద్దామంటున్నడు. ఇద్దరూ హెడ్‌లైట్లు వేసే కొలిచిండ్రు. 100/90 బల్బులు, పాటలకు ఆంప్లిఫయర్, రేడియేటర్‌కు కరెంటు ఫ్యాను నేనే పెట్టించిన. ఎవరి మాట వినాలె? ఇంట్లోళ్లు అమ్మేయమంటుండ్రు, పిల్లల్ని ఎక్కించుకోవాలంటే నాకూ భయమైతుంది."

తమ్మీ, జవాబు నీ ఉత్తరంలనే ఉన్నది. ఇద్దరు మేస్త్రీలల్ల ఎవ్వరూ అబద్ధం చెప్పలే, ఇద్దరి మీటర్లూ ఉన్నదే చూపించినయి. డైనమో కాడ 14.2, బ్యాటరీ కాడ 13.2. ఆ రెండింటి నడుమ ఉన్నది జరంత వైరు, రెండు మూడు జాయింట్లు, అంతే. ఆ ఒక్క వోల్టు అక్కడనే పోతుంది, పోయి వేడిగ మారుతుంది, ఆ వేడికే నీ కప్లర్ కరిగింది. కాబట్టి డైనమో మార్చకు. బండి అమ్మకు. కానీ ఈ జాయింట్ బాగయ్యేదాక పిల్లల్ని మాత్రం ఎక్కించుకోకు, ఈ ఒక్క మాట నా కోసం విను.

లెక్క చెప్తా, చిన్నదే. లైట్లు, ఫ్యాను, బ్యాటరీ చార్జింగు అన్నీ కలిపి ఆ వైరుల 30 ఆంపియర్లు పోతున్నయనుకో. ఒక వోల్టు ఇంటు 30 ఆంపియర్లు అంటే 30 వాట్లు. రేడియో రిపేరు షాపుల సోల్డరింగ్ ఐరన్ ఉంటది చూసినవా, అది 25 వాట్లదే, దానితోనే సీసం కరిగిస్తరు. నీ కప్లర్ లోపట అంతకన్న ఎక్కువ వేడి యాదగిరిగుట్ట నుండి నార్కట్‌పల్లి దాక కూసున్నది, ఇగ ప్లాస్టిక్ ఎట్ల ఆగుతది? మరి ఆ జాయింట్ల కరెంటుకు ఉన్న అడ్డు (రెసిస్టెన్సు) ఎంతంటే ఓమ్‌ల 30 వ వంతు, మామూలు మీటర్ ఓమ్స్ మీద పెడితే అసలు కనపడనే కనపడది, బీప్ కొట్టి మంచిగుందనే అంటది. అందుకే చాలామంది మేస్త్రీలు కంటిన్యుటీ చూసి వైరు ఓకే అని వదిలేస్తరు.

మీ పొలం కాడ బోరు మోటరు స్టార్టర్ డబ్బా యాది చేసుకో. ఫేజు వైరు స్క్రూ జర లూజైతే ఏమైతది, మొదలు వైరు వెచ్చగైతది, తొడుగు గట్టిపడుతది, నల్లబడుతది, ఒకరోజు చుర్రుమని కాలి మోటరు ఆగుతది. అప్పుడు మోటరు మారుస్తమా? కాలిన కాడికి వైరు కోసి, కొత్త లగ్గు (వైరు కొసకు ఒత్తే లోహపు రింగు) కొట్టి, గట్టిగ బిగిస్తం. బండిల గూడ అంతే, అదే రోగం అదే మందు. తేడా ఏందంటే పొలం కాడ డబ్బా కాలితే డబ్బానే పోతది, బండిల అయితే ఆ జాయింట్ పక్కనే పెట్రోల్ పైపు ఉంటది.

రెండో మేస్త్రి చెప్పిన పెద్ద డైనమో ముచ్చట వింటేనే నాకు గుబులైంది. జాయింట్ అట్లనే ఉంచి 75 ఆంపియర్లది వేసి, బ్యాటరీ దిగి ఉన్న రోజు లోడ్లన్నీ వేసినప్పుడు అండ్ల 60 ఆంపియర్లు పోయినయనుకో, వేడి రెండింతలు కాదు, నాలుగింతలైతది, ఎందుకంటే వేడి కరెంటు స్క్వేరుతోని పెరుగుతది. 30 వాట్లు పోయి 120 వాట్లు. ఆయన చెడ్డోడని కాదు, బ్యాటరీ కాడ తక్కువ వస్తే డైనమో వీకు అనుకోవడం అందరికీ అలవాటే, కానీ డైనమో కాడ 14.2 లోడు మీద నిలబడ్డదంటే అది దాని పని అది చేస్తున్నట్టే.

మరి కొత్త కప్లర్ వేసినా ఇరవై రోజులల్ల ఎందుకు కరిగింది? ఇది జర దగ్గరికి పోయి చూడాలె. కాలిన కప్లర్ లోపటి ఇత్తడి టెర్మినల్ తీసి వెలుతురుల పెట్టి చూడు. మంచి టెర్మినల్ పసుపుగ మెరుస్తది, దాని రెండు అంచులు లోపలికి చుట్టుకొని పిన్నును గట్టిగ పట్టుకుంటయి, పీకాలంటే బలం కావాలె. కాలినది ఎర్రగనో నీలం ముదురుగనో రంగు తిరిగి ఉంటది, అంచులు విచ్చుకొని ఉంటయి, వేలితోని ఒత్తితే ఒంగుతది గానీ మళ్ల ముందటి లెక్క రాదు. వేడికి ఇత్తడిల స్ప్రింగు గుణం సచ్చిపోతది. దాన్ని కటింగ్ ప్లేయర్‌తోని ఒత్తి మళ్ల తొడుగుతరు మనోళ్లు, రెండు రోజులు ఆగుతది, ఇంజను ఊపుకు మళ్ల విచ్చుకుంటది. నీకు కొత్త కప్లర్ వేసిండు సరే, కానీ డైనమో దిక్కున్న పిన్ను పాతదే కదా, అది నల్లగ మసిబారే ఉంటది, ఎమిరీ పేపర్ పెట్టిండో లేదో. వైరు కూడా పాతదే. తొడుగు ఒక బెత్తెడు చీల్చి చూస్తే రాగి పోగులు నల్లగ ఉంటయి, గోరుతోని గీకినా మెరవయి, తొడుగేమో ఎండిన చింతకాయ బొప్పె లెక్క పెళుసుగ విరుగుతది. నల్ల రాగి మీద కొత్త టెర్మినల్ ఒత్తితే పట్టు రాదు. అంటే కొత్త కప్లర్ రెండు చెడ్డ వాటి నడుమ కూసున్నది. పైన టేపు చుట్టేసరికి వేడి బయటకు పోయే తొవ్వ కూడా బందైంది.

ఇగ ఎండ సంగతి వేరే చెప్పాల్నా. రోహిణి కార్తెల రోళ్లు పగులుతయంటరు మనకాడ, అసుంటి ఎండల బానెట్ కింద గాలే కాగి ఉంటది, రాగి 10 డిగ్రీలు వేడెక్కిన కొద్దీ దాని అడ్డు ఇంచుమించు నూటికి 4 వంతులు పెరుగుతది, తుప్పు తొందరగ పడుతది, మళ్ల వేడి, మళ్ల అడ్డు. చలికాలంల ఏం కాని జాయింట్ ఎండకాలంల కాలడానికి కారణం ఇదే.

ఇప్పుడు కొలుచుడు. 300, 400 రూపాయల మల్టీమీటర్ ఒకటి కొను, ఇది నువ్వు నేర్చుకోవాలె, మేస్త్రి మీద వదిలేయకు. ఇంజను స్టార్ట్ చేసి ఒకల్ని యాక్సిలరేటర్ మీద జర రేసు పట్టుకొమ్మను, 2000 ఆర్‌పీఎం దగ్గర, ఐడ్లింగుల కొలిస్తే సరిగ తెల్వది. హెడ్‌లైట్లు హైబీమ్, ఫ్యాను, బ్లోయరు అన్నీ వెయ్యి. మీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు డైనమో కరెంటు బయటకొచ్చే చోట, నల్ల వైరు బ్యాటరీ ప్లస్ పోల్ మీద. క్లాంపు మీద కాదు, పోల్ సీసం మీదనే ముట్టియ్యాలె. లేకపోతే క్లాంపు లూజున్న సంగతి దొరకది. ఇట్ల పెడితే ఆ తొవ్వల ఎంత వోల్టు పోతుందో నేరుగ మీటరే చెప్తది. 0.2, 0.3 లోపట ఉంటే మంచిది. 0.5 దాటితే ఎక్కడనో రోగం ఉంది. నీది 1 దగ్గర వస్తది. అప్పుడు నల్ల వైరును ఒక్కో జాయింట్ కాడికి వెనక్కి జరుపుకుంట రా, ఏ జాయింట్ దాటంగనే అంకె ధబుక్కున పడిపోతదో దొంగ వాడే. ఫ్యాను, బెల్టు తిరుగుతుంటయి, రుమాలు, పొడుగు చేతుల అంగీ, మీటర్ వైర్లు అన్నీ దూరం పెట్టుకొని చెయ్యి.

అట్లనే ఎర్తు దిక్కు మర్చిపోవద్దు, పదిల తొమ్మిది మంది మర్చిపోతరు. నల్ల వైరు డైనమో బాడీ మీద, ఎర్ర వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీద పెట్టి అదే లోడు మీద చూడు. 0.2 దాటితే ఇంజనుకు బాడీకి నడుమ ఉండే ఎర్తు పట్టీయో, బ్యాటరీ మైనస్ వైరో పోయినట్టు. పోయిన కరెంటంతా తిరిగి రావాలె కదా, ప్లస్ దిక్కు ఎంత పోతదో మైనస్ దిక్కు అంతే వస్తది. ముప్పై ఏండ్ల బండికి ఆ పట్టీ కింద ఎర్రమట్టి, ఆయిలు, తుప్పు పేరుకొని ఉంటయి. విప్పి, బాడీ రేకు మెరిసేదాక గీకి, కొత్త పట్టీ బిగించి, బిగించినంక పైన గ్రీజు రాయి. ముందే గ్రీజు పూసి బిగించకు.

ఒక ముచ్చట గట్టిగ చెప్తున్న. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ టెర్మినల్ పీకి "చూడు బండి ఆగలే, డైనమో పని చేస్తుంది" అని చూపించే మేస్త్రీలు ఇంకా ఉన్నరు. పాత కాలం అసలు డైనమోలున్నప్పటి అలవాటు అది. ఇప్పుడు మనం డైనమో అంటున్నది ఆల్టర్నేటర్, బ్యాటరీ ఒక్కసారి తీసేస్తే అండ్ల వోల్టేజీ ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్ మాడిపోతయి. చెయ్యనియ్యకు, మొహమాటపడకు.

ఇప్పుడు రిపేరు. మొదలు బ్యాటరీ మైనస్ విప్పి పక్కకు పెట్టు, ఎందుకంటే డైనమో పెద్ద వైరుల తాళం తీసేసినా కరెంటు ఉంటది, పానా దానికి ఇంజనుకు నడుమ తగిలితే పానా కొస కరుగుతది. తర్వాత ఆ మెయిన్ వైరు మొత్తం తీసెయ్యి. ముక్క కోసి ముక్క అతికించుడు నాకు ఇష్టం లేదు, ఒక అతుకు పెడితే రేపటికి ఇంకో రోగం పెట్టినట్టే. డైనమో నుండి బ్యాటరీ దాక 10 స్క్వేర్ ఎంఎం ఆటో కేబుల్ ఒకే ముక్క గుంజు. ఇంటి వైరింగు వైరు వద్దు, దాని పోగులు మొద్దుగ ఉంటయి, ఊపుకు విరుగుతయి, తొడుగు కూడా ఇంజను వేడికి చేసింది కాదు. అల్యూమినియం అయితే అసలే వద్దు.

లగ్గులు రాగివే తీసుకో, 10 స్క్వేర్‌వి, రంధ్రం నీ డైనమో స్టడ్డుకు (వైరు బిగించే మరల కడ్డీకి) సరిపోయేది. సుత్తితోని కొట్టి ఒత్తకు. మన నల్లగొండల, దేవరకొండల మోటరు వైండింగు షాపులకు, సోలార్ పంపులు పెట్టేటోళ్లకు లగ్గును వైరుకు ఒత్తే మంచి క్రింపింగ్ టూలు ఉంటది, వాళ్ల దగ్గరికి పోతే ఐదు నిమిషాల పని. ఒత్తినంక బలంగ గుంజి చూడు, రావొద్దు. పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడి చెయ్యి. కొందరు సోల్డరింగే బలం అంటరు. నేను ఒప్పుకోను. వేడి పుట్టే జాయింటుకు సీసం మీద నమ్మకం పెట్టుకోవద్దు, 183 డిగ్రీలకే మామూలు సోల్డర్ కరుగుడు మొదలైతది, పైగా సీసం ఎక్కిన కాడ వైరు కట్టె లెక్క బిగుసుకొని ఆ అంచునే విరుగుతది.

స్టడ్డు ఉన్న డైనమో అయితే లగ్గు నేరుగ స్టడ్డు అడుగున కూసోవాలె, వాషర్ లగ్గు కింద కాదు, లగ్గు పైన. ఇనుప వాషర్ నడుమ ఇరికితే అదే ఒక అడ్డు. కరెంటు కప్లర్ పిన్ను నుండే వచ్చే డైనమో అయితే చూడు, చాలా వాటికి పెద్ద పిన్నులు రెండుంటయి, రెండూ లోపట ఒకటే, కరెంటు పంచుకోనీకి పెట్టినయి. అండ్ల ఒకటి పట్టు తప్పితే మొత్తం భారం రెండోదాని మీద పడి అదీ మాడుతది, నీకు అయ్యింది ఇదేనని నాకు అనుమానం. పిన్నులు మెరిసేదాక ఎమిరీతోని తుడువు, రంగు తిరిగి సన్నబడి ఉంటే డైనమో లోపటి ఆ ముక్క మార్పించు, డైనమో అంతా కాదు. రెండు పిన్నులకూ కొత్త టెర్మినల్స్ వేసి వేరే వేరే వైర్లు తియ్యి.

వైరు పోయే తొవ్వ సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగ ఉండాలె, జానెడుకు ఒక క్లిప్పు, రేకు లోపటి నుండి పోయే కాడ రబ్బరు గ్రోమెట్టు, ఇంజను ఊగుతది కాబట్టి జర వదులు ఉంచు. బ్యాటరీకి జానెడు దూరంల 60 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు ఒకటి పెట్టు, పాత బండ్లల్ల ఈ వైరుకు ఫ్యూజు లేనివే ఎక్కువ. అది డైనమోను కాపాడనీకి కాదు. వైరు ఎక్కడన్న బాడీకి తగిలితే బ్యాటరీ కరెంటంతా దూకకుండ. ఎగిరిపోతే రాగి తీగ చుట్టి పెట్టకు, స్టార్టర్ డబ్బాల ఫ్యూజు కట్టినట్టు ఇక్కడ కడితే వైరే ఫ్యూజైతది.

అయిపోయినంక మళ్ల అదే లోడు మీద కొలువు. డైనమో కాడ 14.2 ఉంటే బ్యాటరీ కాడ 13.9 కి తగ్గొద్దు. ఇరవై నిమిషాలు నడిపి, ఇంజను ఆపి, జాయింట్ల మీద చెయ్యి పెట్టు, చుట్టుపక్కల ఇంజను ఎంత వెచ్చగుందో అంతే ఉండాలె, చురుక్కుమంటే ఇంకా పని మిగిలే ఉంది.

లోడ్ల గురించి నువ్వు అడగలే కానీ చెప్పకుండ ఉండలేను. 100/90 బల్బులు రెండు హైబీముల 200 వాట్లు, దగ్గర దగ్గర 15 ఆంపియర్లు, మామూలు 60/55 అయితే 9 దగ్గర. ఆ 15 ఆంపియర్లు డాష్‌బోర్డు స్విచ్చి గుండా పోయొస్తయి, రేపు కాలేది అదే. 60/55 బల్బులు వేసి రెండు రిలేలు (చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చిలు) పెట్టి బ్యాటరీ నుండి నేరుగ వైరు ఇయ్యి, లైట్లు ఇప్పటికన్న బాగొస్తే ఆశ్చర్యపోకు, ఎందుకంటే ఇన్ని రోజులు నీ బల్బులకు 12 వోల్టులు కూడా అందకపోయి ఉండొచ్చు. ఎదురొచ్చేటోని కండ్లకు కూడా మంచిది. ఫ్యానుకు కూడా రిలే ఉందో లేదో చూడు. డైనమో ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లని రాసుంటది, ఆ లెక్కలోపట నీ లోడ్లు ఉంటే పెద్దది అక్కర్లేదు.

బ్యాటరీ ఒక రాత్రి ఊరికే ఉంచి పొద్దున చూస్తే 12.6 దగ్గర ఉండాలె. ఒక సెల్లు పోయిన బ్యాటరీ ఎంత తాగినా నిండది, డైనమోను పొద్దుమాపు గుంజుతనే ఉంటది. అండ్ల డిస్టిల్డ్ వాటరే పొయ్యి, మన దిక్కు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు మనుషుల ఎముకలనే వంచినయి, మర్రిగూడ, మునుగోడు దిక్కు తెలియనిదెవరికి, ఆ ఉప్పుల నీళ్లు బ్యాటరీ ప్లేట్లకు పోస్తే ఏం మిగులుతది.

నీ భయం నాకు తెలుసు తమ్మీ, అందుకే ఇంత రాసిన. చాలా ఏండ్ల కింద మా ఇంట్ల పాత జీపు ఉండేది, ఆంపియర్ మీటర్ ఉన్నది, అంటే చార్జింగు కరెంటంతా డాష్‌బోర్డు వెనక మీటర్ దాక పోయి తిరిగి రావాలె. ఒక షాపుల మీటర్ వెనక వైరు తెగితే పోగులు మెలిపెట్టి టేపు చుట్టి ఇచ్చిండ్రు, మేం నమ్మినం. జడ్చర్ల దాటినంక డాష్‌బోర్డు కింద నుండి పొగ, మా చిన్నమ్మ, ఇద్దరు పిల్లలు వెనక ఉన్నరు. బండి ఆపి వాళ్లను దింపినం, తాళం తీసినం, పొగ ఆగలే, ఎందుకంటే ఆ వైరు తాళంతోని సంబంధం లేని వైరు. బ్యాటరీ పీకుదామంటే చేతుల 10 నంబరు పానా లేదు. చిన్నాయిన ఉత్త చేతితోని వైరు పట్టి గుంజిండు, వైరు వచ్చింది, అరచేతి తోలు దానికే అంటుకున్నది. పిల్లలకు ఏం కాలే. ఆ చెయ్యి మాత్రం నాకు ఇప్పటికీ కనపడుతది.

అందుకే నీకు ఇంకో చిన్న ఖర్చు చెప్తున్న, బ్యాటరీ మైనస్ మీద కటాఫ్ స్విచ్చి ఒకటి పెట్టించు, ఇంజను ఆపినంక తిప్పితే మొత్తం కరెంటు బంద్. బండి షెడ్డుల పెట్టి నాలుగు రోజులు తీయవనుకున్నప్పుడు కూడా తిప్పిపెట్టు. డిక్కీల కాదు, సీటు పక్కన చిన్న ఫైర్ సిలిండరు ఉంచు. ఎప్పుడన్న వాసనొస్తే ముందు ఇంజను ఆపి అందరినీ దింపు, స్విచ్చి తిప్పు, బానెట్ ఒక్కసారి పూర్తిగ లేపకు, గాలి తగిలి మంట లేస్తది.

ఇక కాలిన ఆ రెండు కప్లర్లు పారేసినవా? పారేయకుంటే మేస్త్రి దగ్గరికి తీసుకపో. ఏ పిన్ను దిక్కు ప్లాస్టిక్ ఎక్కువ కరిగిందో చూపించు, రెండింటిల ఒకే పిన్ను కాడ కరిగి ఉంటే డైనమో దిక్కున్న ఆ పిన్నే విప్పి చూడమను.